సగం గడ్డి నేలకు

గురువారం పొద్దున నగర్తపేటలో అంగడి షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది. హెబ్బగోడి నుంచి మా చిన్నమ్మ. "పాపా, మీ చిన్నాయన షూ వేసుకుంటా వేసుకుంటా అట్లే ఉండిపోయినాడే" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. షూ వేసుకుంటూ ఆగిపోవడం ఆయనకు కొత్త కాదు. మేజోడుకు అంటుకున్న గింజ ఏదో చేతికి తగిలితే దాన్ని పీకి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వెలుతురుకు పెట్టి చూస్తూ బస్సు సంగతి, మనుషుల సంగతి మరిచిపోయేవాడు. "గింజ చూస్తా ఉంటాడు, గట్టిగా పిలువు చిన్నమ్మా" అన్నాను. "పిలిచినా" అంది. ఆ ఒక్క మాటతో నాకు తెలిసింది.

నేను వెళ్ళేసరికి ఆయన్ని మెట్ల మీది నుంచి దించి కింద పడుకోబెట్టారు. ఆ ఇంటి కింది గదుల్లో బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు అద్దెకుంటారు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి, నిద్రకళ్ళతో వాళ్ళే మోశారట. ఒక కాలికి మేజోడు ఉంది, ఇంకో కాలికి లేదు. ఉన్నదాన్ని తీసేయాలా, రెండోది తొడగాలా అని ఎవరూ తేల్చుకోలేక అలాగే వదిలేశారు. చివరికి చిన్నమ్మే వచ్చి తీసింది. తీసి, అలవాటు కొద్దీ లోపల చెయ్యి పెట్టి దులిపింది.

ఆయన పోయిన వార్త ఏ పేపర్లోనూ రాలేదు. రావలసినంత పెద్దమనిషి కూడా కాదు. ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. బొమ్మసంద్ర దాటిన తర్వాత ఉన్న ఒక ఊళ్ళో ఆయన చేసిన పని గురించి జనం ఇప్పటికీ రెండు రకాలుగా చెప్పుకుంటారు. అక్కడ ఇళ్ళ సైట్లు వేసిన లేఅవుట్ వాళ్ళ దగ్గర ఏదో పుచ్చుకుని చేశాడని కొందరు, పాపం పిచ్చి మేష్టరని కొందరు. ఆ రెంటిలోనూ నాకు తెలిసిన మనిషి లేడు. అందుకని రాస్తున్నాను.

ఆయన మా నాన్నకు తమ్ముడు. వ్యవసాయ కాలేజీలో పచ్చిక బయళ్ళ గురించి, మేత బీళ్ళ గురించి పాఠం చెప్పి రిటైరయ్యాడు. అలాంటి పాఠం ఒకటుందని మీలో చాలామంది విని ఉండరు. మా ఇంట్లోనే ఎవరూ సరిగా నమ్మలేదు. మాది తాళ్ళు, వలలు అమ్మే టోకు అంగడి, తాత నాటిది. గొర్రెల వాళ్ళు రైతుల పొలాల్లో ఎరువు కోసం మంద కట్టేటప్పుడు చుట్టూ నిలబెట్టే వలలు మా దగ్గరే కొనుక్కుపోతారు. అంగట్లోకి ఎవరొచ్చినా మా నాన్న, "వీడు మా తమ్ముడప్పా, గడ్డి చదివినాడు" అని పరిచయం చేసేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. చిన్నాయన కూడా నవ్వి, "ఇంకా అయిపోలేదప్పా, చదవతానే ఉండా" అనేవాడు.

ఆదివారం వస్తే కాలికి బలపం కట్టుకునేవాడు. ఎక్కడ తిరిగొచ్చాడో ప్యాంటు చెప్పేది. మోకాళ్ళ దాకా గింజలు, ముళ్ళు, తెల్లని కుచ్చులు. మా అమ్మ ఆయన్ని గడప బయటే నిలబెట్టి, "అవన్నీ దులుపుకొని రా మరిదీ, ఇల్లంతా మొలకలేస్తాయి" అనేది. ఆయన దులిపేవాడు కాదు. ఒక్కొక్కటే ఏరి పాత టిఫిన్ డబ్బాలో వేసుకుని, మా మిద్దె మీద పగిలిన కుండల్లో చల్లేవాడు. అందరి మిద్దెల మీద గులాబీలూ తులసీ ఉంటే మా మిద్దె మీద పేరు తెలియని గడ్డి పెరిగేది. చుట్టాలొస్తే అమ్మ పైకి తీసుకుపోయేది కాదు.

నేను చదువు మీద పెద్ద ఆశ లేని పిల్లను. అంగడే నాకు ఇష్టం. కానీ ఆదివారాలు ఆయన వెంట పోయేదాన్ని, ఎందుకంటే ఆయన దగ్గర ఒక ఆట ఉండేది. మా సందులోనే కమ్మరి చేత చేయించుకున్న ఇనుప చట్రం, నాలుగు పలకలది, చేతి పొడవుంటుంది. బీట్లోకి పోగానే ఆయన వెనక్కి తిరిగి నిలబడి, ఆ చట్రాన్ని భుజం మీదుగా వెనక్కి విసిరేవాడు. అది ఎక్కడ పడితే అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, దాని లోపల ఏ గడ్డి ఎంతుందో, ఎంత మేశారో, ఎంత మట్టి బయటపడిందో చూసేవాడు. ఒకసారి సరిగ్గా పేడ మీద పడింది. ఇంకోసారి విసురుదామని నేనంటే ఒప్పుకోలేదు.

"చూసి ఏస్తే మనకు కావలసిన చోటే పడతాది పాపా. చూడకుండా ఏస్తే బీడు యట్లుండాదో అట్ల కనబడతాది" అన్నాడు. పేడ పక్కకు జరిపి, కింద ఉన్న గరికను కూడా చూశాడు.

పాఠం చెప్పే తీరు కూడా ఆయనది అలాగే ఉండేది, మా అంగట్లో కూర్చునేవాళ్ళకు కూడా అర్థమయ్యేట్టు. "ఆకు గడ్డికి వంటిల్లు. గొర్రె ఆకు తినిందంటే వంటిల్లు తినింది. సగం తింటే మిగిలిన సగంలో వండుకొని ఏర్లకింత పెడతాది, మళ్ళా చిగురేస్తాది. అంతా తినేస్తే ఏర్లు పస్తు. పైన గడ్డి పొట్టి అయ్యేకొద్దీ లోపల ఏరు కూడా పొట్టి అవతాది. అప్పుడు ఒక్క ఏడు వాన తప్పితే సాలు, అంతే." అందుకని ఆయనకు ఒకే లెక్క. సగం మందకు, సగం నేలకు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో, పెళ్ళి భోజనాల్లో ఎవరైనా రెండోసారి వడ్డించుకుంటే మేం పిల్లలం ఒకరినొకరు గిల్లుకుని "సగం నేలకు" అనుకునేవాళ్ళం.

ఇంకొకటి కూడా చెప్పేవాడు. గొర్రె పెళ్ళికొచ్చిన మనిషిలాంటిదట, ముందు తియ్యనివి ఏరుకుని తింటుందట. ఏళ్ళ తరబడి మేపుతూనే ఉంటే తియ్యని గడ్డి ముందు పోయి, మంద వద్దన్నవే మిగులుతాయి. వయ్యారిభామ, లాంటానా కంప, ముళ్ళు. అప్పుడు ఎవరో వచ్చి ఇది బంజరని చెప్పి నీలగిరి చెట్లు నాటుతారు. అది ఆయనకు అన్నిటికన్నా కోపం తెప్పించే సంగతి. చెట్టు లేకపోతే నేల బోడిదని ఎవరు చెప్పారని గొణుక్కుంటూ, నాటిన మొక్కల మధ్య ఎక్కడైనా పాత గడ్డి దుబ్బు మిగిలి ఉందేమోనని వెతికేవాడు. దొరికితే దాని తల నిమిరేవాడు. నేను చూడనట్టు ఉండేదాన్ని.

ఎల్లమ్మక్క మాకు అంగట్లోనే పరిచయం. మొగుడు పోయినా మందను తనే నడిపే మనిషి. ఏడాదికోసారి వలలకని వచ్చేది, వలను చేతుల్లో సాగదీసి, ముడులు పంటితో లాగి చూసేది. ఒకసారి ఆమె వచ్చినప్పుడు చిన్నాయన అక్కడే ఉన్నాడు. గొర్రెలు ఎలా ఉన్నాయని అడిగాడు. "యాడుందప్పా మేత, ఎముకలు నడస్తా ఉండాయి" అంది. ఆ మాట ఆయన చెవిన పడింది, ఇంక ఇంట్లో నిలవలేదు. ఆ వచ్చే ఆదివారమే నన్నూ చట్రాన్నీ వెంటబెట్టుకుని వాళ్ళ ఊరికి పోయాడు.

ఆ ఊరికి గోమాళం ఉండేది. పశువుల మేతకని ఊరంతటికీ కలిపి వెనకటి నుంచి విడిచిపెట్టిన నేలను అక్కడ గోమాళం అంటారు. కొంచెం ఎత్తుపల్లాలు, నడుమ ఒక చిన్న గుంట, దూరంగా ఫ్యాక్టరీల పొగగొట్టాలు. మేం పోయేసరికి నేల నున్నగా గీకినట్టుంది. ఆయన ఎన్నిసార్లు చట్రం విసిరినా లోపల మట్టి, కంప, మట్టి. కానీ ఒక కంప దుబ్బు అడుగున, గొర్రె మూతి దూరని చోట, గొర్రెలు ముందుగా ఏరుకుని తినే చెంగలి గడ్డి ఒక పిడికెడు పచ్చగా ఉంది. ఆయన బోర్లా పడుకుని దాన్ని చూశాడు. లేచేసరికి చొక్కా నిండా మట్టి, మొహం పెళ్ళికొడుకు మొహం.

"చావలేదు ఎల్లమ్మా, లోపల ఉండాది. రెండు వానకాలాలు విడిచిపెడితే లేచి వస్తాది" అన్నాడు.

"విడిచిపెడితే గొర్రెలు యాడికి పోవాల సార్?"

దానికీ దారి ఆలోచించాడు. ఆ రెండు వానకాలాలూ గడిచేదాకా మందలన్నీ హోసూరు అవతలి ఊళ్ళకు పోయి, అక్కడ రైతుల పొలాల్లో కట్టాలి. తనకు తెలిసిన రైతులతో మాట్లాడి పెట్టాడు. వలలు మా అంగడి నుంచి ఇప్పించాడు. మందలవాళ్ళు ఊరకే ఒప్పుకోలేదు, వారాల తరబడి వాదించారు. ముసలివాళ్ళు అనుమానపడ్డారు. చివరికి ఎల్లమ్మక్క, "ఆయప్పకు దీంట్లో ఏమొస్తాది? ఒక్క గొర్రె కూడా లేదు. చేసి చూద్దాం" అంది. ఆమె మాట మీద అందరూ సరేనన్నారు. మా సందులో పేర్లు రాసే పెయింటర్ చేత కన్నడంలో ఒక బోర్డు రాయించి చిన్నాయన దాన్ని గోమాళం అంచున పాతాడు. ఈ బీడు విశ్రాంతిలో ఉంది, మేపకండి అని. పెయింటర్ నవ్వు ఆపుకోలేక ఒక అక్షరం వంకర రాశాడు.

ఆ రెండో వానాకాలం చివర నేను చూసిన గోమాళాన్ని మీకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. నేను అంగడి మనిషిని, వర్ణించడం రాదు. గడ్డి నడుము దాకా వచ్చింది. గాలి వస్తే ఆ చివర నుంచి ఈ చివరకు కదిలేది. ఎక్కడి నుంచి వచ్చాయో పిట్టలు, సీతాకోకలు. గుంటలో నీళ్ళు తేటగా ఉన్నాయి. చిన్నాయన చట్రం విసిరితే అది నేలకు తగలకుండా గడ్డి మీదే నిలబడింది. ఆయన దాన్ని అలాగే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు లెక్కే రాయలేదు. అంత సంతోషంగా ఆయన్ని అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు.

మందలు ఇంకా హోసూరు అవతలే ఉన్నాయి. చలి పడగానే తోలుకొచ్చి, సగం మేపి, సగం విడిచి, బీడును నాలుగు భాగాలు చేసి తిప్పాలని అనుకున్నారు. వాళ్ళు రాకముందే సర్కారు తరఫున నేల కొలిచేవాళ్ళు వచ్చారు.

గోమాళం పోవడం ఈ ఊరి చుట్టుపక్కల వింత కాదు. ఎన్ని పోలేదు. కానీ మిగతా చోట్ల జనం గొర్రెల్నీ ఆవుల్నీ తెచ్చి అడ్డంగా నిలబెట్టి, ఇది మా మేత నేల అని గొడవైనా చేసేవాళ్ళు. ఇక్కడ నిలబెట్టడానికి ఒక్క గొర్రె లేదు. ఊళ్ళో అడిగితే అవును, రెండేళ్ళుగా ఎవరూ మేపడం లేదన్నారు, అది నిజమే కదా. ఆ నేల వాడకంలో లేదని తేల్చి, ఇళ్ళ లేఅవుట్‌కు ఇవ్వడానికి సిద్ధమయ్యారు. కొలిచేవాళ్ళు తమ దారం ఒక కొసను మా చిన్నాయన బోర్డుకే కట్టారు. మేపకండి అని రాసి ఉన్న బోర్డుకు.

ఆయన పరుగెత్తుకుని పోయాడు. ఆ రోజు నేనూ ఉన్నాను. వచ్చిన ఆఫీసరు మర్యాదస్తుడే, అరవలేదు. చిన్నాయన ఆయనకు పాఠం చెప్పాడు. ఇది ఖాళీ నేల కాదు, విశ్రాంతిలో ఉన్న నేల అన్నాడు. చెంగలి గడ్డి పీకి వేర్లు చూపించాడు. ఆఫీసరు ఓపికగా విన్నాడు. "గడ్డి చాలా బాగుంది సార్. కానీ దీన్ని ఎవరూ వాడుకోవడం లేదు కదా" అన్నాడు. చిన్నాయన చేతిలో ఆ గడ్డి వేర్లతో అలాగే ఉండిపోయింది.

తర్వాత అర్జీలు పెట్టాడు, ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పిలిచిన ప్రతి చోటా, "వాళ్ళది తప్పేం లేదు, నేనే విడిచిపెట్టమని చెప్పినా" అని తనంతట తనే ఒప్పుకున్నాడు. దాంతో కేసు ఇంకా పలచబడింది. మా నాన్న అప్పటికింకా ఉన్నాడు, తల కొట్టుకుని, "వీనికి గడ్డి తప్ప ఏమీ తెలీదు" అన్నాడు. మొదటిసారి ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. గోమాళం చుట్టూ గోడ లేచింది. పేరున్న కమాను, హద్దులకు సైటు రాళ్ళు, సిమెంటు రోడ్లు. మందలవాళ్ళలో కొందరు గొర్రెలు అమ్ముకుని ఫ్యాక్టరీ గేట్ల దగ్గర సెక్యూరిటీ పనికి చేరారు. ఎల్లమ్మక్క మాత్రం ఉన్న కొంచెం మందను రోడ్డు పక్కల, ఖాళీ సైట్లలో మేపుకుంటూ మిగిలింది.

చిన్నాయన ఆ రోజు నుంచి చట్రం విసరలేదు. హెబ్బగోడి ఇంటి మెట్ల దగ్గర మేకుకు తగిలించాడు. చిన్నమ్మ దాని మీద తడి గుడ్డలు ఆరేసినా ఏమనలేదు. ఆ ఊరి మీదుగా పోయే బస్సు ఎక్కడం మానేశాడు. ఒకసారి నాతో అన్నాడు, "చూసి ఏయగూడదని పిల్లోళ్ళకు చెప్పి చెప్పి, నేనే చూసి ఏసినా పాపా. గడ్డి ఉండే చోటే చూసినా. మనుషులుండే చోటు చూడలేదు." ఓదార్చే మాటలు నాకు తొందరగా రావు.

ఎల్లమ్మక్క వలలకని అంగడికి రావడం మానలేదు. ఒక మధ్యాహ్నం చిన్నాయన గల్లా పక్కన కూర్చుని నాతో కాఫీ తాగుతున్నాడు. సందు మొదట్లో ఆమె కనబడింది. ఆయన లోటా కింద పెట్టి, లేచి, లోపల తాళ్ళ చుట్టల వెనక్కి పోయి నిలబడ్డాడు. అంత వయసు మనిషి, అంతమందికి పాఠం చెప్పిన మనిషి, ఎలుకలకు భయపడినట్టు గోడకు అతుక్కుని. ముఖం చెల్లలేదు ఆయనకు. ఎల్లమ్మక్క వల చూసింది, ముడి పంటితో లాగింది, బేరం చేసింది. ఆమె కళ్ళు ఒకసారి తాళ్ళ చుట్టల కిందికి పోయాయి. అక్కడ షూ కొసలు బయటకు కనబడుతున్నాయి, గింజలు అంటుకుని. పోతూ పోతూ, లోపలికి వినబడేటట్టు, "సార్‌ను పానం బాగా చూసుకోమని చెప్పు పాపా" అంది. ఆమె పోయాక కూడా ఆయన వెంటనే బయటికి రాలేదు. కాఫీ చల్లారిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత ఆయనే అన్నాడు. తిట్టని మనిషికి ఏం జవాబు చెప్పాలో తెలియదట. ఏళ్ళ తరబడి ఆయన మోసింది అదే. జబ్బులన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటీ వచ్చాయి. డాక్టర్లు వాటికి వేరే పేర్లు చెప్పారు.

లేఅవుట్లో సైట్లు అనుకున్నట్టు అమ్ముడుపోలేదు. రోడ్లు తప్ప మిగతాదంతా మళ్ళీ గడ్డే లేచింది. ఎవరూ మేపక, ఎండిన పాత గడ్డి కొత్త గడ్డి మీద పడి, దట్టంగా పేరుకుపోయింది. పోయిన ఎండాకాలం అందులో నిప్పంటుకుంది. ఆ సంగతి విని చిన్నాయన చాలా రోజులు పరధ్యానంగా ఉన్నాడు. "ఎక్కువ మేపినా చస్తాది, అసలు మేపకపోయినా చస్తాది. ఊపిరాడక చస్తాది" అని తనలో తను అనుకుంటుంటే విన్నాను. ఈసారి వానలు తగ్గాక, నాకు కూడా చెప్పకుండా, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ లేఅవుట్ ఆఫీసుకు పోయి కూర్చున్నాడు. గడ్డిని మందు కొట్టి చంపడమెందుకు, గొర్రెల్ని లోపలికి వదలండి, నిప్పు భయం తీరుతుందని చెప్పాడు. మొదట నవ్వారట. మళ్ళీ పోయాడు. చివరికి ఒక ఆదివారం ఒక్క పూట వదులుతామన్నారు.

"నువ్వు ఎల్లమ్మకు చెప్పు పాపా" అన్నాడు నాతో.

"మీరే చెప్పండి చిన్నాయనా. ఎన్నాళ్ళని దాక్కుంటారు?"

"నువ్వు చెప్పు. ఆదివారం నేను వస్తా. గేటు దగ్గర నిలబడతా. ఆయమ్మ ఏమంటే అది పడతా" అన్నాడు.

నేను ఫోన్ చేసి ఎల్లమ్మక్కకు చెప్పాను. "ఆయప్ప వస్తాడా?" అని ఒక్కటే అడిగింది. వస్తాడన్నాను. అది సోమవారం. గురువారం పొద్దున ఆయన షూ వేసుకుంటూ పోయాడు. ఆదివారం దాకా ఆగలేక, ఒకసారి ముందే పోయి గడ్డి ఎలా ఉందో చూసొద్దామని బయలుదేరుతున్నాడని చిన్నమ్మ చెప్పింది.

శనివారం మా పెద్దత్త, మైలలో ఉండి గొర్రెల వెంట పోవడమేంటని నన్ను గట్టిగానే అడిగింది. చిన్నమ్మ మూల నుంచి లేచింది. మెట్ల దగ్గరికి పోయి, మేకు మీది చట్రం తీసి, దాని మీది తువ్వాలు పక్కన పడేసి నా చేతికిచ్చింది. "పోయిరా. ఆయన మాట ఇచ్చి ఉండాడు కదా" అంది.

ఆదివారం పొద్దున మంచు ఇంకా విడవలేదు. ఎల్లమ్మక్క కమాను బయట మందతో నిలబడి ఉంది. చావు కబురు ఆమెకు అందినట్టుంది. నా చేతిలో చట్రం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత గొర్రెల్ని అదిలించింది. వాచ్‌మన్ గేటు తెరిచాడు. తమ గోమాళంలోకి ఆమె వాచ్‌మన్ చెయ్యి ఊపితే పోయింది.

నేను సైటు రాయి మీద కూర్చుని చూస్తున్నాను. గొర్రెలు ఎండిన గడ్డిని మూతితో పక్కకు తోసి, కింద ఉన్న పచ్చని దాన్ని వెతికి తింటున్నాయి. కాళ్ళ కింద పడి పాత గడ్డి పటపటమంటోంది. తొక్కిన చోట నేలకు వెలుతురు తగులుతోంది. ఇదే ఆయన కూర్చుని చూడవలసింది. నాకు ఏడుపు వచ్చింది, అంగడి మనిషినైనా సరే.

ఎండెక్కాక ఎల్లమ్మక్క ఉన్నట్టుండి గొర్రెల్ని మళ్ళించింది. గడ్డి ఇంకా చాలా ఉంది. వాచ్‌మన్ పరుగున వచ్చాడు.

"ఏమ్మా, ఇంకా ఉండాది కదా? అంతా మేపించమని చెప్పినారు ఆఫీసులో."

"సాలప్పా" అంది ఎల్లమ్మక్క.

"మధ్యాహ్నం దాకా టైం ఉండాది. మిగిలింది ఎట్లాగూ రేపు మిషన్ పెట్టి కొట్టేస్తారు, మందు కూడా తెచ్చి పెట్టినారు. గొర్రెలన్నా తింటాయి కదా."

"రేపు వాళ్ళేం చేస్తారో వాళ్ళ ఇష్టం. ఈ పొద్దు మేపింది నేను." ఆమె నా వైపు తిరిగింది. "సగం నేలకు విడవమని చెప్పినాడు ఆయప్ప. విడిచినందుకు నేల పోయింది నిజమే. అంతమాత్రాన ఆయప్ప చెప్పిన మాట అబద్ధమవతాదా పాపా? ఆ చట్రం ఏసి చూడు, సగం ఉండాదా లేదా."

నేను లేచి వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఆయన నిలబడినట్టే. చట్రాన్ని భుజం మీదుగా విసిరాను. అది పడిన చప్పుడు రాలేదు.

తిరిగి చూస్తే అది రెండు సైటు రాళ్ళ మధ్య పడి ఉంది. ఎల్లమ్మక్క వంగి చూసి, తల ఊపి, గొర్రెల వెనక నడిచింది. మంద గేటు దాటి రోడ్డు ఎక్కేదాకా నేను చట్రాన్ని నేల మీంచి తీయలేకపోయాను. దాని నాలుగు పలకల మధ్య కొరికిన మొదళ్ళు కొన్ని, పొడుగ్గా నిలబడిన గడ్డి కొంత. గాలికి ఆ నిలబడిన సగం కదులుతోంది.